మంద కూర్చున్న జాగా

ఆ ఎండకాలం మేము వలస పోలేదు. శివరాత్రి దాటగానే మా కురుమల మందలన్నీ ఒకదాని వెనక ఒకటి కృష్ణా నది దిక్కు దిగిపోయాయి. మా బాపు గుర్వయ్య మాత్రం మంచంలో ఉన్నాడు. మేకలకు ఆకు రొట్ట కొట్టబోయి తుమ్మచెట్టు మీది నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టిన ముసలాయన, వానలు పడేదాకా కాలు కింద మోపొద్దన్నాడు. మందను నదిదాకా తోలుకుపోయే ఈడు నాకుంది. అయినా బాపుకు ధైర్యం చాలలేదు. జానమ్మతో నాకు లగ్గమై అప్పటికి ఏడాది తిరగలేదు. "నా కండ్ల ముందట్నే ఉండనీయ్," అన్నాడు. నా సంగతి అన్నాడో, గొర్ల సంగతి అన్నాడో నేను అడగలేదు.

మాది ఊరి చివరి ఇల్లు. వాకిట్లో పందిరి కింద మంచం వేస్తే దేవరకొండ రోడ్డు కనిపిస్తుంది. ముందటేడే ఆ రోడ్డుకు తారు పోశారు. రోడ్డు ఎత్తు చెయ్యడానికి పక్కనే మన్ను తవ్వితే గుంతలు పడ్డాయి. ఉగాది ముందర కురిసిన రాళ్లవాన నీళ్లు ఆ గుంతల్లో నిలిచి, చుట్టూ గరిక లేచింది. చేలన్నీ ఎండి పగుళ్లిచ్చినా ఆ ఒక్క చీలిక పచ్చగా ఉండేది. ఒక దిక్కు తారు, ఒక దిక్కు రఘుపతి పటేలు చేని గట్టు, నడుమ మా మంద సుఖంగా పడుకునేంత జాగా. సంతకు పోయే బండ్లవాళ్లు ఎడ్లను విప్పుకొని అక్కడే ఆగేవాళ్లు. తారు పడ్డాక లారీలు కూడా గడ్డి మీదికి దిగి ఆగడం మొదలుపెట్టాయి. అది ఎవరిదని అడిగే పని అప్పటిదాకా ఎవరికీ పడలేదు.

మా పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. కోతలైన చేన్లో రాత్రిపూట మంద కూర్చుంటే ఆ చేని రైతు మాకు గింజలు కొలుస్తాడు. పెంటిక పడిన నేల మరుసటేడు ఎట్లా పండుతుందో రైతుకు తెలుసు. జాగా ఎవరిదైతే గింజలు వాళ్లివ్వాలి. మా తాతల నుంచి తిన్న తిండి అది. ఆ ఏడు ఊళ్లో అందరి చేలల్లో మంద తిప్పేశాం. రఘుపతి పటేలు చేన్లో కూడా కూర్చోబెట్టి, ఆయనిచ్చిన గింజలు వండుకొని తినేశాం కూడా. ఇక వానలదాకా మంద కూర్చోవడానికి మిగిలింది ఆ గడ్డి చీలికే. అది పోతే గొర్లను అమ్ముకోవాలి, లేదంటే బాపును మంచంలో వదిలి నేను పోవాలి. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

ఒకనాడు పొద్దున గ్యాంగు మేస్త్రి చెన్నయ్య వచ్చాడు. రోడ్డు బాగుచేసే కూలీల మీద పెద్ద. పక్క ఊరివాడే, నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును. ఖాకీ అంగీకి గుండీలన్నీ పెట్టుకున్నాడంటే పై నుంచి ఏదో ఆర్డరు వచ్చినట్టు లెక్క.

"ఐలేశా, మంద లేపాలెరా."

"ఎందుకే చెన్నయ్య మామ?"

"కొత్త రూలొచ్చింది. తారుకు గీపక్క గాపక్క ఉన్న గడ్డి మీద బండి ఇడువొద్దు, లారీ ఆపొద్దు, జీవాలను కూసోబెట్టొద్దు."

"ఎందుకట?"

"దిగుడు ఎక్కుడుల తారు అంచు ఇరుగుతాందట."

నేను గొర్ల కాళ్ల దిక్కు చూశాను. చెన్నయ్య కూడా చూశాడు.

"గొర్రె కాలుకు తారు ఇరుగుతదా మామ?"

"ఇరుగది." తల గోక్కున్నాడు. "గని రూలుల జీవాలని గూడ ఉన్నది. లేపకపోతే బందెల దొడ్డికి తోలుమన్నరు."

బందెల దొడ్డి అంటే పరాయి పంటలో పడ్డ పశువులను తోలి పెట్టే దొడ్డి. నీడ లేదు, నీళ్లు లేవు. ఎద్దయితే ఒక దినం ఓర్చుకుంటుంది. పాలు తాగే గొర్రెపిల్ల ఆ ఎండకు పొద్దు గూకేదాకా బతకదు.

అంతలో పల్లీ బస్తాల లారీ ఒకటి వచ్చి మా వెనకే గడ్డి మీదికి దిగింది. డ్రైవరు కిందికి దూకి వంటకు మూడు రాళ్లు పేర్చుకుంటున్నాడు. చెన్నయ్య అటు ఉరికాడు.

"ఓ భాయ్, గడ్డి మీద ఆపొద్దు."

"మరి యాడ ఆపాలె?"

"రోడ్డు మీదనే ఆపుకో."

"రోడ్డు మీద ఆపితే పోలీసోడు పట్టుకుంటడు, గడ్డి మీద ఆపితే నువ్వు పట్టుకుంటవ్. లారీని నెత్తి మీద పెట్టుకొని బువ్వ తినాల్నా?"

చెన్నయ్య ముందు రోడ్డును చూశాడు, తర్వాత గడ్డిని చూశాడు. "జర జల్ది తిని పో," అన్నాడు. నా దిక్కు తిరిగి, "నువ్వు గూడ జర చూడు," అన్నాడు. ఏం చూడాలో చెప్పలేదు.

పగటేల భిక్షపతి వచ్చాడు. బర్లు మేపి ఊరికి పాలు పోసే మనిషి. భుజాన కొడవలి ఉంది.

"ఐలేశా, గీ రోడ్డు పక్క గడ్డంత నేను హర్రాజుల పాడుకున్న. ఎరికేనా?"

"ఎవరు పెట్టిండ్రే హర్రాజు?"

"రోడ్డోళ్లే."

"అయితే మంద లేపాల్నా?"

భిక్షపతి చెడ్డవాడు కాదు. కాసేపు ఆలోచించాడు. "లేపుడెందుకురా? గడ్డి నాది గని జాగా నాది కాదు. మంద కూసోవచ్చు. మేయొద్దు."

జానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అన్నా, గా మాట గొర్లకు జర నువ్వే చెప్పిపోరాదే. నేను చెప్తె ఇంటలేవు," అంది.

"నువ్వు నవ్వకు చెల్లె. అవి మేస్తె నా బర్లకేం ఎయ్యాలె?" అన్నాడు భిక్షపతి. అంటూనే తానూ నవ్వాడు. ఆ తర్వాత మా గొర్లు మేయని మూల చూసుకొని గడ్డి కోసుకున్నాడు. అట్లాంటి మూల పెద్దగా లేదు. దొరికినంత కోసుకున్నాడు.

ఇదంతా పోయి బాపుకు చెప్పాను. బాపు బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"గడ్డి భిక్షపతిది. తారు సర్కారుది. మరి జాగా ఎవరిదిరా?"

"తెల్వది బాపు."

"తెల్వకపోవుడేంది? జాగా అన్నంక ఒక ఆసామి ఉంటడు. ఆసామి అన్నోడు మంద కూసుంటే గింజలియ్యాలె. ఎవడు గింజలిస్తడో వాడే ఆసామి. వాడు కూసొమ్మన్నంక చెన్నయ్య ఎవడు లేపెటందుకు? పోయి అడిగిరా."

మా అమ్మ బక్కమ్మ పొయ్యి దగ్గర నుంచి అంది: "గింజలియ్యమంటే నాదని ఎవడంటడయ్యా?"

"ఎవడూ నాదనకపోతే అది ఎవడిదీ కాదు. గప్పుడు గూడ మంద కూసుంటది."

బాపు చెప్పింది నాకు సరిగ్గానే అనిపించింది, ఇంటి గడప దాటేదాకా.

రఘుపతి పటేలు మా ఊళ్లో పెద్ద రైతు. ఆ జాగా మీద ఆయనకు పాత కోపం ఉంది. నిజాం కాలంలో కంకర రోడ్డు వేసినప్పుడు తమ తాత భూమిలో నుంచే వేశారని, అడిగి వెయ్యలేదని, దొరికినవాళ్లందరికీ చెప్పేవాడు. అందుకని ముందు ఆయన దగ్గరికే పోయాను. అరుగు మీద కూర్చొని పలుపు పేనుకుంటున్నాడు.

"పటేలా, రోడ్డు పక్క జాగా మీదేనా?"

"మాది కాకపోతే ఎవరిదిరా? మా తాత గా తుమ్మల కాన్నుంచి..."

"అయితే అండ్ల మా మంద కూసుంటాంది పటేలా. గింజలు అడిగి రమ్మన్నడు బాపు."

ఆయన చేతిలో పలుపు ఆగింది. "ఏం గింజలు?"

"మంద గింజలు."

"అరే, అది సర్కారు జాగారా ఐలేశా! రోడ్డోళ్లది. నాకేం సంబంధం?"

"ఇప్పుడే మీదంటిరి."

"మాది ఉండె అన్న. ఇప్పుడు లేదు. పో, నీ అయ్యకు చెప్పు."

అక్కడి నుంచి చెన్నయ్య దగ్గరికి పోయాను. రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ మీద కూర్చొని సద్ది తింటున్నాడు.

"మామ, జాగా డిపార్టుమెంటుదేనా?"

"డిపార్టుమెంటుదే. ఎందుకు?"

"డిపార్టుమెంటు మంద గింజలిస్తదా?"

నేను ఆట పట్టిస్తున్నానేమోనని నా మొహంలోకి చూశాడు. నేను ఆట పట్టించలేదు. ఆయన చెయ్యి సద్ది గిన్నెలోనే ఉండిపోయింది.

"గీ మాట నేను ఓవర్సీరు సార్ను అడిగితే నవ్వుతడు. అడగకపోతే నువ్వు లేవవు. ఏం జేయాలె నేను?" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించాడు. "సారు వచ్చేదాక ఉండు. నేను ఉండుమన్నా అని మాత్రం అనకు."

అట్లా మంద అక్కడే ఉంది. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లేపలేదు.

తర్వాత ఒకనాడు పొద్దున్నే నేను మందను తోలుకొని అటు కదిలానో లేదో, పటేలు జీతగాళ్లు తట్టలు, చీపుర్లు పట్టుకొని గట్టు దాటి వచ్చారు. గడ్డి మీద పడ్డ పెంటికలు ఊడ్చి తట్టలకెత్తి చేన్లో పోసుకుంటున్నారు. పటేలు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. అమ్మ నడుముకు కొంగు చుట్టుకొని రోడ్డు దాటింది.

"పటేలా, జాగా మీది కాదంటిరి గదా, పెంటికలు మీయెట్లయినయి?"

"వాన పడితే కొట్టుకొచ్చి నా చేన్లనే పడ్తయి గదనే బక్కమ్మా. నేను జర ముందుగాల తీస్కపోతున్న."

"అయితే వాన గూడ మీకు జీతముంటాందా?"

జీతగాళ్లు పకపకా నవ్వారు. పటేలూ నవ్వాడు. పెంటికలు మాత్రం తట్టల్లో పోయాయి. అమ్మ తిరిగి వచ్చి చాలాసేపు పొయ్యి ఊదింది. పొయ్యి మీద ఏమీ లేదు. ఇంట్లో గింజలు నిండుకొని అంబలి పలచనవుతున్న రోజులవి.

ఎండలు ముదిరాయి. లారీలు ఎక్కువయ్యాయి. చెన్నయ్య వచ్చినప్పుడు లారీవాళ్లు లేచిపోయేవాళ్లు, చెన్నయ్య పోగానే ఇంకో లారీ దిగేది. ఒకనాడు సందేళ నేను గొర్రెపిల్లలకు ముళ్లకంప దడి సరిచేస్తున్నాను. గొడుగు పట్టుకున్న కొత్త మనిషి ఒకడు పటేలు వెంట వచ్చాడు. దేవరకొండ నుంచట. గడ్డి మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. లారీలు ఆగే చోట నిలబడి గొడుగు కొనతో నేల మీద గీత గీశాడు.

"గీడ పొయ్యి, గీడ బల్లలు. చాయ హోటలుకు మస్తు జాగా," అన్నాడు. "ఇంతకు జాగా ఎవరిది పటేలా?"

"మాదే. మా తాతల నాటిది."

ఆ మనిషి నన్ను చూశాడు, గొర్లను చూశాడు. "మరి గివి?"

పటేలు కూడా నన్ను చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు. "మంద పెట్టించుకున్న," అన్నాడు.

మరునాడు దీపాలు పెట్టే వేళ పటేలు జీతగాడు గంప నిండా జొన్నలు నెత్తిన పెట్టుకొని మా వాకిట్లోకి వచ్చాడు.

"పటేలు పంపిండు. మంద గింజలు."

"ఏ మందకు?" అని బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. "చేన్ల కూసున్న దానికి అప్పుడే ఇచ్చిండు గదా."

"నాకేమెరుక? ఇచ్చి రమ్మన్నడు, తెచ్చిన."

అమ్మ అప్పటికే చాట తెచ్చింది. "పెంటిక తీస్కపోయిండు గదయ్యా, దానికిచ్చినట్టున్నడు. ధర్మం తప్పలే పటేలు," అంది.

ముందటి సందేళ నేను విన్నది చెప్పాను. బాపు మొహం విచ్చుకుంది. "చూసినవా? నేను చెప్పలే? నాదన్నడు, గింజలు పంపిండు. ఆసామి దొరికిండు! ఇగ చెన్నయ్యకు భయపడేదేంది?"

జానమ్మ గంప అంచు పట్టుకొని నిలబడింది. మామ ముందర ఎక్కువ మాట్లాడదు. ఆ పూట మాట్లాడింది. "మామా, అడిగిననాడు నాది కాదన్నోడు, అడగనినాడు గింజలెందుకు పంపుతడు?"

బాపు గంప దిక్కు చూశాడు. వచ్చిన మంద గింజలు వాపసు పంపితే మందకు కీడని మాలో ఒక నమ్మకం ఉంది. పైగా ఇంట్లో గింజ లేదు. "ఒంపుకోండ్రి," అన్నాడు. ఆ పూట జొన్నరొట్టె తిన్నాం. అందరమూ కడుపు నిండా తిన్నాం.

రొట్టెలు తిన్న వారం లోపలే పటేలు గడ్డి మీదికి వచ్చాడు. వెంట అరకలు, మన్ను కొట్టే కూలీలు. గట్టును తారు దిక్కు జరపమని చెయ్యి చూపించాడు. కూలీలు పాత గట్టు తవ్వి, ఆ మన్నుతో గుంతలు పూడుస్తున్నారు. నేను మందను వదిలి ఉరికాను.

"పటేలా, ఏం జేస్తున్నరు?"

"దున్నిస్త రా. దున్ని చదును జేయిస్త. మంద లేపు."

"గింజలిచ్చి మీరే కూసోబెట్టుకుంటిరి గదా."

"కూసున్నది గదా. పెంటిక పడ్డది గదా. గింజలు తిన్నరు గదా. మంద పని అయినంక ఏ రైతైనా దున్నుకుంటడు. కొత్త ముచ్చటనా?"

కొత్త ముచ్చట కాదు. మంద లేచాక దున్నుకోవడమే పద్ధతి. నేను ఇంటి దిక్కు చూశాను. బాపు పందిరి కింద నుంచి చూస్తూనే ఉన్నాడు. పోయి చెప్తే, "పద్ధతే చెప్పిండు," అన్నాడు. అంతే అన్నాడు.

గడ్డికి వచ్చిన భిక్షపతికి ఈ పని నచ్చలేదు. గరిక వేళ్లతో సహా మట్టిలో పోతుంటే అడ్డంగా పోయి నిలబడ్డాడు. "హర్రాజుల పాడుకున్న గడ్డి పటేలా! నా గడ్డిని నువ్వెట్ల పూడుస్తవ్?" అని అరిచాడు. "గడ్డి తీస్కపోరా, నాకేం పని దానితోని? నా మన్ను నాకు చాలు," అని పటేలు. చెన్నయ్య ఉరికొచ్చి ఇద్దరి మధ్యా చేతులు చాపాడు. ఎవరి దిక్కు తోయాలో తెలియక ఇద్దరినీ తోశాడు. ఆఖరికి సైకిలెక్కి ఓవర్సీరును తేవడానికి పోయాడు. అరకలు ఆగాయి.

ఓవర్సీరు మరునాడు జీపులో వచ్చాడు. చిన్న వయసు. ఆంధ్ర దిక్కు నుంచి కొత్తగా వచ్చినవాడు. రోడ్డు మీద పోయే బండ్లకు అడ్డం కాకుండా జీపును గడ్డి మీదికి దించి ఆపించాడు. చెన్నయ్య ఒకసారి జీపు చక్రాలను చూసి, వెంటనే వేరే దిక్కు చూశాడు. జానమ్మ నా వీపు మీద వేలితో పొడిచింది. నేను నవ్వలేదు.

ఊరు సగం అక్కడే చేరింది. బాపును మంచంతో సహా నేనూ భిక్షపతీ మోసుకొచ్చి రోడ్డు పక్కన దించాం. దించేటప్పుడు చెన్నయ్య నా చెవి దగ్గరికి వంగాడు.

"ఐలేశా, ఇను. జాగా సర్కారుదని మీ అయ్య అన్నడనుకో, సర్కారు జాగాల మంద పెట్టినందుకు కేసు మీ మీద పడ్తది. పటేలుదని అన్నడనుకో, కేసు లేదు. గని జాగా పటేలుకు పోతది, మంద లేస్తది."

"మరి ఏమనాలె?"

"గదే నాకు గూడ తెలుస్తలేదు," అన్నాడు చెన్నయ్య.

బాపుకు ఈ మాట చెప్పే సందు దొరకలేదు. ఓవర్సీరు అప్పటికే పటేలును అడుగుతున్నాడు.

"ఈ స్థలం మీదనడానికి రుజువేమిటండీ?"

"రుజువు గీ మంచం మీదనే ఉన్నది సారు," అని పటేలు బాపును చూపించాడు. "గీ గుర్వయ్యను అడుగుండ్రి. కురుమోళ్లు పరాయోడి జాగాల మంద పెట్టి ఇంకొకని కాడ గింజలు తీస్కోరు. నా కాడ తీస్కున్నడు."

ఓవర్సీరు మంచం దగ్గరికి వచ్చాడు. "తాతా, ఆయన దగ్గర ధాన్యం తీసుకున్నారా?"

"తీస్కున్న సారు."

"దేనికిచ్చాడు? స్థలంలో మంద పెట్టినందుకా, ఎరువు తీసుకుపోయినందుకా?"

బాపు మంచం నులక దిక్కు చూశాడు. "పెంటిక జాగాలనే పడ్తది సారు. జాగాను ఇడిసిపెట్టి పెంటిక ఉండదు. దేనికని చెప్పాలె?"

"అంటే స్థలం ఆయనదేనని ఒప్పుకున్నట్టేనా?"

"గింజలిచ్చినోడు ఆసామి. మా కాడ గంతే."

పటేలు మీసం మీదికి చెయ్యి పోయింది.

"గని సారూ," అన్నాడు బాపు, "మేం అడిగిననాడు నాది కాదన్నడు. గది గూడ నిజమే."

మీసం మీది చెయ్యి దిగింది. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు.

"రెండూ ఎలా నిజమవుతాయి?" అన్నాడు ఓవర్సీరు.

"గదే నాకు సమజైతలేదు సారు. మీరు సదువుకున్నోళ్లు, మీరు చెప్పుండ్రి."

బాపు ఎత్తిపొడవడానికి అనలేదు. నిజంగానే అడిగాడు. ఓవర్సీరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గట్టు పాతదెక్కడో కొత్తదెక్కడో చూశాడు. తారు నడిమి నుంచి అడుగులు వేసుకుంటూ గడ్డి మీదికి వచ్చి, సగంలో ఆగిపోయాడు. రోడ్డుకు పక్కన తమది ఎంతదాకానో తనకు తెలియదని, భూమి కొలతల నక్ష నల్లగొండలో ఉందని, అది నిజాం కాలం నాటిదని, దొరుకుతుందో లేదో చూడాలని చెప్పాడు.

"అందాకా సార్?" అన్నాడు చెన్నయ్య.

"అందాకా మీరు దున్నొద్దు," అన్నాడు పటేలుతో. "నువ్వు గడ్డి కొయ్యొద్దు," అన్నాడు భిక్షపతితో. "లారీలు, బండ్లు ఆగకూడదు. ఎవరిదని తేలినా, తేలకపోయినా మంద మాత్రం లేవాలి."

ఈ ఆఖరి మాట మీద అందరికీ ఒకే అభిప్రాయం కుదిరింది. పటేలు తల ఊపాడు. చెన్నయ్య తల ఊపాడు. గుంపులో కూడా కొందరు ఊపారు. కేసు పెట్టనందుకు మేము దండం పెట్టాల్సి వచ్చింది. పెట్టాం. జీపు గడ్డి మీద నుంచి తారు ఎక్కేటప్పుడు అంచు దగ్గర ఒక పెళ్ల ఊడి పడింది. చెన్నయ్య దాన్ని తీసి దాని చోట మళ్లీ పెట్టి కాలితో తొక్కాడు.

మరునాడు తెల్లవారి మంద లేపాను. గొర్లు రోడ్డు మీద నిలబడ్డాయి. ఎటు తోలాలి? బాపు మంచం దగ్గరికి పోయాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మంద ఎటు పోవాలో, ఎక్కడ దిగాలో బాపే చెప్పేవాడు. చెప్పేవాడు కూడా కాదు, కర్ర ఎత్తి చూపించేవాడు.

"బాపు, యాడికి తోలాలె?"

ఆయన రోడ్డు దిక్కే చూశాడు.

"నాకు తెల్వది కొడుకా. నువ్వే చూడు."

అమ్మ పొయ్యి దగ్గర చేస్తున్న పని ఆపింది. జానమ్మ నన్ను చూసింది. అప్పుడు చెప్పాను, కేతేపల్లి దిక్కు పోదామని. జానమ్మ తల్లిగారి ఊరు అటే, మూసీకి దగ్గర. నీళ్లుంటాయి.

"వియ్యంకునింట్ల మంచమేసుకొని పండాల్నా నేను?" అన్నాడు బాపు.

"పండాలె," అన్నాను. బాపుతో అట్లా మాట్లాడడం నాకు అదే మొదలు. ఆయన చెవి మీది బీడీ తీసి ముట్టించుకున్నాడు.

భిక్షపతి బండి కట్టుకొని వచ్చాడు. "కోసేటందుకు గడ్డే లేదాయె, బండి ఖాళీగ ఉండి ఏం జేస్తది?" అన్నాడు. బాపును, గొర్రెపిల్లల గంపను, వంట గిన్నెలను బండి మీద వేశాం. అమ్మ బండి పక్కన, జానమ్మ మంద వెనక, నేను ముందు. రఘుపతి పటేలు గట్టు మీద నిలబడి చూశాడు. చెన్నయ్య మోరీ దగ్గర ఎదురుపడి మంద పోయేదాకా ఎర్రజెండా పట్టుకొని లారీలను ఆపాడు.

ఆ నక్ష దొరికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కొన్నేండ్లకు ఆ దారిన బస్సులో పోయాను. చాయ హోటలు లేదు. జొన్న చేనూ లేదు. గడ్డి మాత్రం ఉంది. ఒక లారీ ఆగి ఉంది. మా ఇంటి పందిరి కూలింది. మేము మళ్లీ అక్కడికి మందతో పోలేదు. మూసీ పక్కనే ఉండిపోయాం.

పోయిన మొదటి దినం సంగతి చెప్పి ఆపుతాను. పొద్దున్నుంచీ నడుస్తూనే ఉన్నాం. నీడ కనిపించిన చోటల్లా గొర్లు ఆగాయి, నేను ఆగనియ్యలేదు. ఒక చోట గట్టు కనిపిస్తే ఇది ఎవరిదో అనుకున్నాను. గట్టు లేకపోతే ఇంకా భయమేసింది. ఆ ఆలోచన నాకు అంతకుముందు ఎప్పుడూ లేదు. పొద్దు వాలుతుండగా పేరు తెలియని ఊరి పొలిమేరలో, జొన్న కొయ్యకాళ్ల చేను పక్కన గొర్లు మొండికేశాయి. జానమ్మ వెనక నుంచి అరిచింది, "ఇగ నడువయి! ఆపు!" అని. ఎంత తోలినా కదల్లేదు.

దూరం నుంచి ఒక మనిషి చేతులూపుకుంటూ ఉరికొస్తున్నాడు. నేను కర్ర చంకలో పెట్టుకొని, ఏమనాలో లోపల మాట కూర్చుకుంటున్నాను. వచ్చినవాడు వగర్చుకుంటూ నా ముందు నిలబడ్డాడు. నడి వయసు రైతు, నెత్తికి రుమాలు.

"కురుమన్నా, పోకుండ్రి, పోకుండ్రి! మా దిక్కు మందలే వస్తలేవు. గీ చేన్లనే కూసోబెట్టుండ్రి. రేపు ఎల్లుండి గూడ ఉండుండ్రి. గింజలు నేనిస్త."

నేను ఆ మనిషిని చూశాను. మంచివాడిలాగే ఉన్నాడు.

"జాగా నీదేనా?" అన్నాను.

"ఏమంటివి?"

"గీ చేను. నీదేనా అంటున్న."

ఆయన నా మొహం చూశాడు, బండి మీది బాపును చూశాడు, తర్వాత తన చేనును తానే ఒకసారి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా చూసుకున్నాడు.

"నాది కాకపోతే ఎవరిదే?" అన్నాడు.

ముసలి గొర్రె ఒకటి మమ్మల్ని దాటుకొని కొయ్యకాళ్ల నడుమకు పోయి మోకాళ్లు వంచింది. దాన్ని చూసి తక్కినవన్నీ కూర్చోసాగాయి.